మూడో అంతస్తుకు పోయిన తీగ

రవీంద్ర సంచిలో రెండు లుంగీలు, తువ్వాలు, ఫోను చార్జరు సర్దాను. నీలం చొక్కా మాత్రం దండెం మీదే ఉంచేశాను. ఇల్లు విడిచి వెళ్ళేవాళ్ళ బట్ట ఒకటి ఇంట్లో ఆపుకోవడం నా అలవాటు. మా ఆయన మగ్గాల పనికి భివండీకి పోయిన రోజు అన్నీ సర్ది ఇచ్చాను. ఆయన మళ్ళీ కనిపించలేదు.

"అవ్వా, వారంల వస్త. రోజు రెండింటికి ఫోన్ చేస్త," అన్నాడు నా కొడుకు, దగ్గుకుంటూ ఆంబులెన్సు ఎక్కుతూ.

కరోనా వార్డులోకి మమ్మల్ని రానివ్వరు. ఆ ఫోనే మాకు దిక్కు. బతుకుదెరువుకు వచ్చిన ఈ భేస్తాన్‌లో మా గది మగ్గాల షెడ్డు వెనక, కింది అంతస్తులో ఉంది. అక్కడికి సిగ్నల్ అందదు. నెట్ ఉంటేనే ఫోను మోగుతుంది. నాలుగు రోజులుగా మాట మధ్యలో తెగిపోతోంది. "ఊపిరి..." అంటాడు, అంతలోనే బొమ్మ ఆగిపోతుంది.

నా అనుమానమంతా మూడో అంతస్తు అంబదాసు మీద. ఒంటరివాడు. మిల్లు మూతపడ్డప్పటి నుంచి పొద్దంతా ఫోను చూసి నవ్వుతుంటాడు. పైగా మెట్ల మీద కనిపించినప్పుడల్లా, "పెద్దమ్మా, నెట్ మంచిగ వస్తుందా?" అని అడుగుతాడు. దొంగ కాకపోతే ఇంత ఆరా ఎందుకు?

"అత్తా, నువ్వు పోలీసుల చేరేది ఉండె. మగ్గాల కాడ ఉత్తగనే ఆగమైతివి," అంది నా అనుమానం విన్న కోడలు నీరజ, ఆస్పత్రి గేటు దగ్గర ఇవ్వడానికి గంజి డబ్బా పట్టుకుని బయల్దేరుతూ.

ఆమె పోగానే మెట్ల కింది ఇనప పెట్టె తెరిచాను. బిల్డింగు నెట్ రవీంద్రే చూసేవాడు కనుక తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది. లోపల అందరి నెట్ తీగలూ వచ్చి కలిసే స్విచ్ డబ్బా. ఎనిమిది రంధ్రాలు, ఎనిమిది తీగలు, కింద పేర్లు. నూలు పెట్టెల మీది రాతలు కూడబలుక్కుంటూ చదువు నేర్చినదాన్ని, పేర్లు చదవగలను. మా పేరున్న రంధ్రం మీద వెలుగు లేదు. అంబదాసు రంధ్రం మీద పచ్చ చుక్క ఆగకుండా మినుకుతోంది. మా వాటా అతను లాగేసుకుంటుంటే మాకు అరకొరే మిగులుతోంది!

పడుగులో తెగిన పోగును వెతికినట్టు, అతని తీగను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెట్లెక్కాను. అది అతని తలుపు పైనుంచి లోపలికి దూరింది. పోగుకు రెండే కొసలు. రెండూ దొరికాయి. ఇంకేం వెతకాలి? కిందికొచ్చి పీకేశాను. అప్పుడు ఒంటిగంటన్నర.

రెండయింది. ఫోను మోగలేదు. మా వాటా మాకు తిరిగి రావడానికి కాసేపు పడుతుందేమో అనుకున్నాను. రెండున్నర అయింది.

మూడింటికి అంబదాసు దిగొచ్చాడు. "పెద్దమ్మా, నా వైరు ఎవడో పీకిండు! మీ నెట్ గూడ బంద్ అయిందా?"

"మా నెట్‌తోని నీకేం పని?"

"గదేంది, రవన్న చెప్పలేదా? మీ పోర్టు, గా పెట్టెల రంధ్రం, ఖరాబైంది. నా రూంల నెట్ డబ్బకెళ్ళి కిటికీల నుంచి మీకు వైరు దించిండు. జర స్లో వస్తది, అడుగుతుండమన్నడు. గందుకే రోజు అడుగుతున్న."

అతని కిటికీలోంచి దిగిన తీగ మా గోడ కన్నంలోకి పోతోంది. అటు నేను చూడనే లేదు.

అతను తీగ మళ్ళీ దూర్చగానే నా చేతిలో ఫోను వణికింది. రవీంద్ర మూడుసార్లు చేశాడు. రెండింటికి, రెండూ నాలుగుకి, రెండూ ఇరవైకి. నేను తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు.

నా కొడుకు రవీంద్ర ఇంటికి తిరిగి రాలేదు. 2021 ఏప్రిల్ 23, శుక్రవారం, సాయంత్రం ఐదింటికి వార్డులోనే పోయాడు.