మోటారు స్విచ్

"ఏమోయ్, నీళ్లు రావడం లేదు!"

బాత్రూమ్‌లోంచి భర్త కేక. ఒళ్లంతా సబ్బు, తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రం బయటికి. ఆమె పొయ్యి మీది పాలు వదిలేసి పరుగెత్తి మోటారు వేసింది. "కాస్త ముందే వేసి ఉండాల్సింది కదమ్మాయ్," అంది అత్తగారు, సోఫాలోంచి కదలకుండా. ఈలోగా పాలు పొంగాయి. అదీ ఆమె తప్పే అయింది. ఇంట్లో అందరూ స్నానాలు చేసేవాళ్లే, మిద్దె మీద ట్యాంకు ఎప్పుడు అడుగంటిందో చూసే కళ్లు మాత్రం ఆమెవే. ఒళ్లు మండిపోయింది. తను వెళ్లాక ఆపే దిక్కు ఉండదని, ట్యాంకు సగం నిండకుండానే మోటారు కట్టేసి ఆఫీసుకు పరుగెత్తింది. భర్త ఉద్యోగం ఇంటి నుంచే, కానీ అది ఉద్యోగం కదా, మధ్యలో లేవకూడదు.

గాలీ ఎండా ఇచ్చే కరెంటుతో నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి, ఎరువులకు కావలసిన అమ్మోనియా తయారుచేసే ఫ్యాక్టరీలు ఏ ప్రాంతంలో ఎంత పెద్దవి పెట్టాలో ప్లాను వేయడం ఆమె పని. ఎండ మైదానాలతో పేచీ లేదు, రాత్రికి ఎంత దాచాలో ముందే తెలుస్తుంది. గాలి కొండలే మొండివి. గాలి వీస్తే చెవులు చిల్లులు పడేలా వీస్తుంది, ఆగితే ఆకు కదలదు. ఫ్యాక్టరీ ఏమైనా వంటింటి పొయ్యా, తిప్పినప్పుడల్లా ఆరి వెలగడానికి? అందుకే గాలి ఉన్నప్పుడు తీసిన హైడ్రోజన్ దాచుకోవడానికి ప్లానులో అక్కడ పెద్ద ట్యాంకులు పెట్టింది. ఇవాళ ఆ ప్లాను మీద ఆమె సంతకం పడాలి.

డైరెక్టరు గారు ఏదైనా చిటికెలో పని అంటారు, అంటూ చిటికె వేస్తారు. ఆఫీసంతా ఆయన్ని చిటికెల సారు అనే పిలుస్తుంది, వెనకాల. ఆయన అప్పటికే ట్యాంకుల మీద ఎర్ర గీత కొట్టేసి కూర్చున్నారు.

"ఇవి దండగ, మేడమ్. తీసేయండి."

"గాలి ఆగితే ఫ్యాక్టరీ ఆగిపోతుంది సార్. మళ్లీ లేపడానికి రోజులు పడతాయి. ఆ చుట్టుపక్కల రైతులకి ఎరువు అందదు."

"ఎలాగోలా నడుస్తుంది లెండి. మీరున్నారుగా, సర్దేస్తారు." చిటికె.

మీరున్నారుగా! అత్తగారి మందులకి తనుంది. చుట్టాలు చెప్పకుండా దిగితే తనుంది. పోయినేడు తీరప్రాంతం ఆఫీసు వాళ్లు తప్పుడు లెక్కలు పంపితే, సెలవు రోజున కూర్చుని దిద్దడానికీ తనే ఉంది. మెప్పు సారుకి, తిట్లు తనకి. రేపు కొండల్లో ఫ్యాక్టరీ చల్లారితే, సంతకం ఎవరిదని అడుగుతారో కూడా తెలుసు. ఎంతకాలమని సర్దడం?

"సర్దను సార్," అంది. "ట్యాంకులుంటేనే నా సంతకం. వద్దంటే మీ సంతకంతో పంపించుకోండి."

చిటికెకి లేచిన సారు వేళ్లు గాల్లోనే ఆగిపోయాయి. తన సంతకం అనేసరికి సారుకి ఎర్ర గీత కాస్త తొందరపాటుగా కనిపించినట్టుంది. "సరే, ఉంచండి," అని గొణిగారు. ఆమె గీత పక్కనే 'ట్యాంకులు ఉంటాయి' అని రాసి సంతకం చేసింది.

బయటికి రాగానే ఫోను. భర్త.

"మళ్లీ నీళ్లు లేవోయ్. అమ్మ గోల పెడుతోంది. త్వరగా వచ్చేయ్."

"రాను. మోటారు వేయండి."

"అదెక్కడుంటుంది?"

దగ్గరుండి ఆ ఇల్లు కట్టించింది ఆయనే. ఆమెకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు.

"మెట్ల కింద," అంది. "రేపటి నుంచి అది మీ పని."