ఆసా రాజు పేజీ

మా మామగారు మూడుసార్లు దేవుణ్ణి అడిగారు, మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. గుండెకి ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్నది ఆయన ప్రశ్న. అడిగే పద్ధతి ఆయనకొకటుంది. బైబిలును రెండు అరచేతుల మధ్య నిలబెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థించి, చేతులు వదిలేస్తారు. పుస్తకం దానంతటది తెరుచుకున్న చోట వేలు పెడతారు. ఆ వేలు మూడుసార్లూ ఆసా రాజు మీదే పడింది. ఆసాకు కాళ్ళలో జబ్బు చేస్తే, దేవుణ్ణి అడక్కుండా వైద్యుల్ని పట్టుకున్నాడు. చచ్చిపోయాడు.

ఇంకేముంది, ఆస్పత్రి వద్దన్నారు. డాక్టరు శుక్రవారానికి తారీఖు ఇచ్చి, రెండు నాళాలు మూసుకుపోయాయి, నెల దాటితే నా పూచీ లేదు అని మొహం మీదే చెప్పాడు. పాస్టరుగారు ఇంటికొచ్చి గంటసేపు నచ్చజెప్పి, చల్లారిన కాఫీ తాగి వెళ్ళిపోయారు. మా మామగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇరవై ఏళ్ళుగా సంఘపెద్ద కూడాను, ఆయనకి వాక్యం చెప్పేదెవరు?

సోమవారం పొద్దున ఆ బైబిలు పట్టుకుని నా గదికొచ్చారు. నేను పుస్తకాలు బైండు చేస్తాను. ఆఫీసు రిజిస్టర్లు, కాలేజీ పిల్లల థీసిస్‌లు, లైబ్రరీ వాళ్ళ చినిగిన పుస్తకాలు. వంటగది పక్క గదిలో ఒక ఇనప ప్రెస్సు, ఒక బల్ల, జిగురు గిన్నె, అంతే నా సామ్రాజ్యం.

"అమ్మాయ్, అట్ట ఊడిపోయింది. గురువారానికి కొత్తది వేసియ్యి. ఇంకొక్కసారి అడుగుతాను. మళ్ళీ అదే వస్తే ఇంట్లో ఎవరూ ఆస్పత్రి మాట ఎత్తకూడదు."

"వేరేది వస్తే?"

"వెళ్తాను. నాకేం చావాలని సరదానా?"

ఆయన అటు వెళ్ళగానే మా ఆయన ఇటు దూరాడు. తలుపు దగ్గరే నిలబడి అంతా విన్నాడన్నమాట.

"నీ చేతిలో పని. హిజ్కియా దగ్గర తెరుచుకునేలా చేసెయ్యి."

హిజ్కియా కూడా రాజే, చావుదాకా వెళ్ళినవాడే. అయితే ప్రవక్త చెప్పినట్టు పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించుకుని బతికాడు.

"అది మోసం కదా?" అన్నాను.

"ముల్లుని ముల్లుతోనే తియ్యాలి. మా నాన్న బతకాలా వద్దా?"

బతకాలి. ఆయనంటే నాకు ఎంత విసుగో అంత ప్రేమ. పెళ్ళయిన కొత్తలో, ఆడపిల్లకి ప్రెస్సేమిటని అందరూ నవ్వుతుంటే, దాన్ని దగ్గరుండి మేడ మీదికి మోయించింది ఆయనే.

అట్ట తీసి చూశాక నాకు నవ్వొచ్చింది. పుస్తకం వీపున జిగురు ఒకే చోట నిలువునా పగిలి ఉంది. అక్కడి పేజీల కట్ట కుట్టు కూడా వదులైపోయింది. అలాంటి పుస్తకాన్ని ఎవరు వదిలినా, ఎలా వదిలినా, అక్కడే తెరుచుకుంటుంది. ప్రార్థనా గీర్థనా లేకుండా, పొయ్యి మీద పాలు చూసుకుంటూ పదిసార్లు వదిలాను. తొమ్మిదిసార్లు ఆసా వచ్చాడు. ఇన్నాళ్ళూ మా ఇంట్లో ప్రవచనం చెబుతున్నది వదులైన దారం.

ఇక హిజ్కియా పేజీ తీసి, బల్ల మీద వెడల్పుగా పరిచి, అరచేతితో గట్టిగా నొక్కాను. లోపల ఒక దారం టప్పున తెగింది.

ఆ చప్పుడుకి సిగ్గేసింది. దేవుడంతటివాడే తోటలో తినొద్దన్న చెట్టు చుట్టూ కంచె వెయ్యలేదు. తింటారో మానుతారో మీ ఇష్టమని మనిషికి నోరిచ్చి వదిలేశాడు. ఆయన వెయ్యని కంచె మామగారి చుట్టూ నేను వెయ్యడమేమిటి? మంచికే కావచ్చు. మంచికే అయినా, దేవుడి గొంతు అనుకరించే హక్కు నాకెవరిచ్చారు? చెయ్యి తీసేశాను.

పగిలిన చోట బాగుచేద్దామని ఆసా పేజీ తీశాను. మిగతా పేజీలన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఈ ఒక్క పేజీ అంచు మాత్రం బొటనవేలు ఆనీ ఆనీ నల్లబడింది. పై మూల పెన్సిలుతో ఒక తారీఖు రాసి ఉంది. ఆ తారీఖు నాకు తెలుసు. పదకొండేళ్ళ కిందట మా అత్తగారు ఆపరేషన్ బల్ల మీద పోయిన రోజు అది.

గురువారం దాకా ఆగడం నా వల్ల కాలేదు. అట్ట లేని ఆ పుస్తకాన్ని అలాగే ముందు గదిలోకి పట్టుకెళ్ళి ఆయన ఎదురుగా కూర్చున్నాను. మొదట నా తప్పు చెప్పాను. తర్వాత పగిలిన జిగురు చూపించాను, పుస్తకం ఎందుకు అక్కడే తెరుచుకుంటుందో చెప్పాను. ఆయన మొహం కందగడ్డయింది.

"అయితే దేవుడు నాతో మాట్లాడలేదంటావా? పాస్టరుగారి వల్ల కానిది, అట్టలేసుకునేదానివి నువ్వు చెప్తావా?"

"అట్టలేసేదాన్ని కాబట్టే చెప్తున్నా మామయ్యా. ఈ పేజీ దగ్గర పుస్తకాన్ని విరిచింది దేవుడు కాదు. ఈ మరక మీ బొటనవేలిది."

ఆయన తారీఖు వంక చూశారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

"ఆ ఆపరేషన్‌కి సంతకం నేనే పెట్టాను," అన్నారు. "టైం లేదు, టైం లేదు అన్నారు. ప్రార్థన కూడా చెయ్యలేదమ్మా. పెట్టేశాను. ఆసాకీ నాకూ తేడా ఏముంది?"

"ముందు పేజీ చదివారా?"

"ఇరవైసార్లు."

"మరి ఆసా దగ్గరికి ప్రవక్త వచ్చి నిజం చెప్తే ఏం చేశాడు? చెరసాల్లో వేశాడు. దేవుడి మాట వినకూడదని పంతం పట్టాడు. ఆ పంతమే వైద్యుల దాకా వెళ్ళింది. ఆయన తప్పు వైద్యం కాదు. మీరు ఎవర్ని చెరసాల్లో వేశారు? అత్తయ్య బతకాలని పరిగెత్తారు. అడగడానికి కూడా టైం లేని మనిషి పరుగు దేవుడికి వినపడదా?"

ఆయన ఏడ్చారు. అత్తయ్య పోయినప్పుడు కూడా సంఘం ముందు ఏడవని మనిషి, నా ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఎవరి ముక్కు వాళ్ళు తుడుచుకున్నాం.

"మరి శుక్రవారం సంగతి ఎలా తెలుస్తుంది?"

"తెలీదు మామయ్యా. తెలియకుండానే మీరే ఎంచుకోవాలి. ప్రభువు ఆత్మతో, సత్యంతో ఆరాధించమన్నాడు గాని, కళ్ళు మూసుకుని వేలు పెట్టమన్నాడా?"

"నీ నోటికి జడిసే పాస్టరుగారు చల్లారిన కాఫీ కూడా మారుమాట్లాడకుండా తాగి వెళ్ళారు," అన్నారు.

ఆయన ప్రార్థన మామూలుగా అరగంట. రాజులకు రాజా అని మొదలుపెట్టి పెద్ద పెద్ద మాటలతో సాగుతుంది. ఈసారి పుస్తకం ముట్టుకోలేదు. "ప్రభువా, నాకు భయంగా ఉంది," అన్నారు. కాసేపాగి ఆమేన్ అనేసి, డాక్టరుకి ఫోన్ కలపమన్నారు.

శుక్రవారం పొద్దున నర్సు కాగితం తెచ్చి, "ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా" అని చదివింది. మా ఆయన పెన్ను అందుకోబోతే మామగారు లాక్కున్నారు. తొందరపడకుండా తన పేరు పూర్తిగా రాశారు. స్ట్రెచర్ కదిలేముందు నన్ను దగ్గరికి పిలిచారు. నా చేతులు పట్టుకున్నారు.

"చూడమ్మా. నేను తిరిగొస్తాననే వెళ్తున్నాను. రాకపోతే మాత్రం, మామయ్యని నేనే పంపించానని పదకొండేళ్ళు కుమిలిపోకు. ఆ కాగితం ఇంకోసారి చూసుకో. సంతకం నాది."