పిట్ట ముట్టని విస్తరి

మా నానమ్మ బాలలక్ష్మి టీచర్ పోయిన మూడో రోజు, పిట్టకు, అంటే కాకికి, విస్తరి పెట్టే చోటు నేనే ఎంచాను. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ మీదికి పావురాలు తప్ప కాకి రాదు, యూనివర్సిటీలో అయితే చెట్లున్నాయి అని నాన్నకు చెప్పాను. నాన్న నమ్మాడు. అసలు కారణం కాకులు కాదు, నరహరి.

నరహరి క్యాంపస్‌లో ప్రొఫెసర్, క్వార్టర్ల సంఘానికి అధ్యక్షుడు. ఆ క్వార్టర్ల వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. మెట్టుగూడ బడిలో రిటైరయ్యాక నానమ్మ ప్రతి సాయంత్రం అందులో హాస్టల్ వంటవాళ్లకు, ఊడ్చేవాళ్లకు పదో తరగతి పాఠాలు చెప్పేది. తార్నాక నుంచి నడిచే వచ్చేది. దారిలో ఆటో స్టాండు దగ్గర ఆగి, ఎవరి పిల్లలు బడి ఎగ్గొట్టారో ఆరా తీసేది. దొరికిన తండ్రికి అక్కడే క్లాసు. ఆమె కనబడితే చాలు, ఆటోవాళ్లు కళ్లు మూసుకుని నిద్ర నటించేవాళ్లు. ఇంట్లో మాత్రం ఆమెకు తీరిక ఉండేది కాదు. నా పుట్టినరోజున కేకు ముక్క చేత్తో పట్టుకుని క్లాసుకు వెళ్లిపోయింది. నాకు కోపం వచ్చేది, గర్వమూ వచ్చేది.

పోయిన ఏడాది నరహరి కొత్త కారు కొన్నాడు. బయటివాళ్లు గుమిగూడుతున్నారు, దొంగతనాలు జరుగుతాయి అని సంఘంలో తీర్మానం చేయించి షెడ్డుకు తాళం వేశాడు. వారం తిరక్కుండా లోపల ఆయన కారు. నానమ్మ గొడవ పడలేదు. షెడ్డు ముందే, వీధిదీపం కింద క్లాసు పెట్టింది. వానాకాలమంతా గొడుగులు పట్టుకుని చదివారు. తడిసి తడిసి ఆమె ఛాతీలో నెమ్ము చేరింది. డాక్టర్ న్యుమోనియా అన్నాడు. నేను నరహరి అంటాను.

అందుకే ఫోన్ చేసి, "సార్, నానమ్మ గురించి మీరు రెండు మాటలు మాట్లాడాలె" అని తియ్యగా పిలిచాను. మైకు ఉంటుందా అని అడిగాడు మహానుభావుడు. ఆయన సంగతి సమ్మక్క ఎప్పుడో చెప్పింది. సమ్మక్క నానమ్మ దగ్గర చదువుతూ, పొద్దున నరహరి ఇంట్లో వంట చేస్తుంది. క్లాసులో ఫిజిక్స్ చెప్పే ఈ మనిషి, పిల్లి ఎదురొస్తే చెప్పులు విప్పి ఇంట్లోకి వెనక్కి వచ్చేస్తాడట. ఆ ఒక్క ముక్క చాలు నాకు.

ఆ రోజు అందరికంటే ముందే వెళ్లాను. పావురాలు రాకుండా మా బాల్కనీలో కట్టిన మెరుపు రిబ్బను విప్పి తెచ్చి, షెడ్డు ముందున్న చెట్టు కొమ్మకు కట్టాను. గాలికి తళతళమంటోంది. దాని కిందే విస్తరి వేయించాను. అన్నం, పచ్చిపులుసు, చేపల వేపుడు, ఒక కప్పు అల్లం చాయ్.

"గా రిబ్బనేందే?" అంది అమ్మ.

"అలంకరణ" అన్నాను.

మావాళ్లు, నానమ్మ క్లాసు ఆడవాళ్లు, దండ పట్టుకుని వచ్చిన నరహరి, అందరం దూరం జరిగి నిలబడ్డాం. కాకులు పై కొమ్మల్లో అరుస్తున్నాయి గాని ఒక్కటీ దిగలేదు.

"టీచరమ్మ ఏదో మనసుల పెట్టుకున్నది" అంది సమ్మక్క. పోయినవాళ్ల కోరిక తీరకపోతే పిట్ట ముట్టదని మావాళ్ల నమ్మకం. తీరుస్తామని ఒక్కొక్కరూ మాట ఇవ్వాలి.

నాన్న ముందుకొచ్చి, "అమ్మా, జ్యోతి పెండ్లి మంచిగ చేస్త, తిను" అన్నాడు. కాకి రాలేదు. నా పెళ్లి ఆమెకు ఎన్నడూ పట్టలేదు. సమ్మక్క, "ఈసారి అందరం పాసయితం టీచరమ్మా" అంది. ఒక కాకి సగం దాకా దిగి, బెదిరి పైకి పోయింది.

అప్పుడు నేను నరహరి వైపు తిరిగాను. "సార్, మీరేమన్నా చెప్పాల్నేమో. ఆఖరుకు మీ పేరే తల్సుకున్నది."

అది అబద్ధం. ఆఖర్న ఆమె అడిగింది సుద్దముక్కల డబ్బా.

ఆయన చేతిలో దండ అలాగే ఉంది. "నేనా? నాకేం సంబంధం? ఇవన్నీ మూఢ..." అంటుండగానే ఒక కాకి అరుచుకుంటూ ఆయన తల మీదుగా పోయింది. ముఖం పాలిపోయింది. ఆడవాళ్లంతా ఆయన్నే చూస్తున్నారు.

"షెడ్డు తాళం తీస్త, టీచర్" అన్నాడు విస్తరితో.

"ఎప్పుడు సార్?" అన్నాను.

"ఇప్పుడే."

తాళం తీశాడు, కారు బయటికి తెచ్చాడు, తాళంచెవి సమ్మక్క చేతిలో పెట్టాడు. మళ్లీ విస్తరి వైపు చూశాడు. కాకి రాలేదు.

"ఇంకేం కావాలె ఆమెకు?" అని నన్నే అడిగాడు.

"తప్పయిందని చెప్పుండ్రి సార్. అందరికీ వినబడాలె."

చెప్పాడు. వంటవాళ్ల ముందు, ఊడ్చేవాళ్ల ముందు, తనకు రోజూ పప్పు వండి పెట్టే సమ్మక్క ముందు చేతులు జోడించి, "తప్పయింది టీచర్, క్షమించు" అన్నాడు. నా కడుపుమంట కొంచెం చల్లారింది. దాచుకోను, నాకు సంతోషమే అయింది. ఇంకోసారి వినాలనిపించి, "గట్టిగ సార్" అన్నాను. గట్టిగానే చెప్పాడు. ఆ తర్వాత అక్కడ నిలబడలేక కారెక్కి వెళ్లిపోయాడు.

ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని షెడ్డులోకి నడిచారు. నానమ్మ ఇవేవీ నమ్మేది కాదు. నేనూ నమ్మను. అయినా ఆమెను ఆకలితో కూర్చోబెట్టానేమోనని ఏదోలా అనిపించి, గబగబా రిబ్బను విప్పేశాను. నేను నాలుగడుగులు వెనక్కి వేశానో లేదో, కాకి దిగి చేపముక్క నోట కరుచుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ముట్టింది!" అని అరిచింది అమ్మ. "జ్యోతీ, సార్‌కు ఫోన్ చేసి చెప్పవే. పాపం, బాగ భయపడ్డడు."

నేను ఫోన్ తీయలేదు. సమ్మక్క చీపురుతోనే బయటికొచ్చి, విస్తరి వైపు చూసి, నా వైపు చూసింది.

"రేపు పొద్దుగాల వంటకు పోతే, సార్ నన్నే అడుగుతడు బిడ్డా" అంది. "ఏమని చెప్పాలె?"

కళ్లు తుడుచుకున్నాను.

"ఇంకా ముట్టలేదని చెప్పు."