జాడీ కింద పళ్ళెం

మూత తీయగానే సంతోషమ్మ మొహం మాడిపోయింది. మామిడి ముక్కల మీద తెల్లటి బూజు, దూది పింజలా పరుచుకుని ఉంది. పైన నిలవాల్సిన నూనె కిందికి దిగిపోయి, ముక్కలు బయటపడి ఎండిపోయాయి.

"తడి చెయ్యి ఎవరు పెట్టిండ్రు?" అంది, ఎవరి వంకా చూడకుండా.

వంటింట్లో ఉన్నది ఇద్దరే. రెండో మనిషి కోడలు జెస్లిన్.

"నేను పొడి గరిటెతోనే తీసిన అత్తమ్మా."

"కలిపింది నువ్వే కదా. కొందరి చేతికి పచ్చడి ఆగదు, ఏం చేస్తం. ఆదివారం చర్చి ఆడోళ్లు వస్తరు, అందరం కలిసి విందుకు పచ్చడి పెట్టాలె. నువ్వు ముక్కలు కొయ్యి. గిన్నెల మాత్రం చెయ్యి పెట్టకు."

జెస్లిన్ పెళ్ళయి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చాక ఇదే మొదటి ఎండాకాలం. గని క్వార్టర్లలో గోడకూ గోడకూ మధ్య దూరమెంతని? ఈ ఆదివారం పక్కన కూర్చోబెడితే, ఇక ఏ పెళ్ళిలోనూ ఏ ప్రార్థన కూటంలోనూ తనను పచ్చడి కలపనివ్వరు. చేతికి పడిన పేరు అంత తొందరగా పోదు.

బూజు పట్టిన పచ్చడి పారబోసి, జాడీ కింది పళ్ళెం కడగబోతూ ఆగింది. జాడీ కొత్తది. సంతోషమ్మే మామయ్య వరప్రసాదును వెంటబెట్టుకుని దగ్గర్లోని భద్రావతి పోయి, చేత్తో చేసిన వాటిలోంచి ఏరి తెచ్చుకుంది. పైనంతా తేనె రంగు మెరుపు, అడుగు మాత్రం మెరుగు పూయని గరుకు మట్టి. పక్కనే పాత తెల్ల జాడీ. చీమలు పట్టకుండా రెండింటినీ నీళ్ళు పోసిన పళ్ళేల్లో పెట్టడం సంతోషమ్మకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. ఎండకు నీళ్ళు ఇంకిపోతుంటే జెస్లిన్ మళ్ళీ పోస్తూ ఉండేది. పళ్ళేల అంచుల్లో తెల్లగా పేరుకునేది. బోరు నీళ్ళు అంతేలే అని ఎవరూ పట్టించుకోలేదు.

కొత్త జాడీ పళ్ళెంలో ఆ తెలుపు మందంగా ఉంది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. ఉప్పు, వెనకే కొంచెం కారం. పాత జాడీ పళ్ళెంలోది గీకి చూసింది. సుద్దలా చప్పగా ఉంది.

"అత్తమ్మా, ఈ జాడీల ఉప్పు నీళ్లు పోసి చూస్తా."

"చూడు, చూడు. చదువుకున్నోళ్లు జాడీకి గూడ పరీక్ష పెడ్తరు."

జెస్లిన్ జాడీని కడిగి, ఎండబెట్టి, నీడలో చల్లారనిచ్చింది. నేల మీద మరాఠీ పేపరు పరిచి, దాని మీద జాడీ పెట్టి, ఉప్పు నీళ్ళు నింపి బయట పొడి గుడ్డతో తుడిచింది. భోజనాలయ్యాక జాడీ పక్కకు జరిపితే, పేపరు మీద గుండ్రటి తడి మరక.

"అరే, నేనింకా చదవనే లే ఆ పేపరు!" అన్నాడు వరప్రసాదు.

"పోసేటప్పుడు ఒలికి ఉంటది," అంది సంతోషమ్మ.

ఇంకో పేపరు ఆమే తెచ్చి పరిచింది. జాడీ ఆమే తుడిచింది. బియ్యం చేట ముందు పెట్టుకుని అక్కడే కూర్చుంది. చేటలో బియ్యం బాగుచేయడం ముగిసేసరికి పేపరు మళ్ళీ తడిసింది.

నీళ్ళు పారబోసి జాడీని బోర్లించింది. బొటనవేలితో అడుగంతా తడిమింది. ఒకచోట వేలు ఆగింది. వెంట్రుక మందాన పగులు.

"కొనేటప్పుడు కొట్టి చూసిన గదా. గణగణ మోగింది."

"నేను గూడ విన్న," అన్నాడు వరప్రసాదు. "చర్చి గంట లెక్క మోగింది."

"నువ్వూరుకో." కోడలి వైపు తిరిగింది. "అయితే పళ్లెంల నీళ్లు లోపలికి పోయినయా?"

"లోపలి ఊట బయటికి వచ్చింది, బయటి నీళ్లు లోపలికి పోయినయి అత్తమ్మా."

"మా అమ్మ ఎప్పుడు పెట్టినా నీళ్లలనే పెట్టేది."

"ఆ జాడీలకు పగులు లేదు కదా."

సంతోషమ్మ చేట తీసుకుని లేచి వెళ్ళిపోయింది. ఆదివారం మాట ఎత్తలేదు. జెస్లిన్ కూడా అడగలేదు.

ఆదివారం ఆరాధన కాగానే ఆడవాళ్ళు వచ్చారు. జెస్లిన్ కత్తిపీట ముందు కూర్చుని, టెంకతో సహా ముక్కలు కొట్టి, ఒక్కొక్కటే పొడి గుడ్డతో తుడిచి పెట్టింది. ఆవపిండి, కారం, ఉప్పు, వెల్లుల్లి పెద్ద గిన్నెలోకి చేరాయి. పక్క క్వార్టరు గ్రేసమ్మ చీర కొంగు దోపుకుంటూ గిన్నె ముందుకు జరిగింది.

"నేను కలుపుత తియ్యి. నీ కోడలు చేతికి ఆగదట గదా సంతోషా?"

కత్తిపీట చప్పుడు ఆగింది.

"నీకెవరు చెప్పిండ్రు?"

"నువ్వే గదనే, కుళాయి కాడ!"

సంతోషమ్మ నూనె గిన్నె కింద పెట్టింది. "చెప్పిన. తప్పు చెప్పిన. జాడీ అడుగుకు పగులుంది, తెచ్చింది నేను. దాన్ని నీళ్లల పెట్టింది నేను. పిల్ల చెయ్యికి ఏం కాలే." ఎవరూ ఏమీ అనకముందే కోడలి వైపు చూసింది. "ఏయ్ పిల్లా, ఏం చూస్తున్నవ్? చేతులు తుడ్చుకున్నవా?"

"తుడ్చుకున్న అత్తమ్మా."

"మళ్లొకసారి తుడ్చుకొని రా. గ్రేసమ్మా, జర జరుగు."

జెస్లిన్ గిన్నెలోకి మోచేతి దాకా చెయ్యి దించింది. సంతోషమ్మ పైనుంచి నూనె సన్నటి ధారగా పోసింది. గోళ్ళ సందుల్లో కారం మంట పుట్టించింది. అయినా అడుగు ముక్క పైకి వచ్చేదాకా జెస్లిన్ చెయ్యి తీయలేదు.