నార్బర్ట్ వైపు చిమ్మే మిషను

ఆగస్టు నెలలో కూడా బెర్నీస్ పొద్దున్నే లేచి, కాఫీ కప్పు ఒక చేత్తో పట్టుకుని, ఇంటిముందున్న మంచుకుప్ప మీద రాలిన ఆకుల్ని చీపురుతో ఊడ్చేది. పోస్టుమాన్ తన సోడా డబ్బాని ఆ కుప్పలో గుచ్చి, వీధి చివరిదాకా ఉత్తరాలు పంచి, తిరిగొచ్చేటప్పుడు చల్లగా తీసుకుని తాగుతూ పోయేవాడు. అమెరికాలో లాకవానా అనే ఊళ్ళో, ఆ వీధిలో అక్కసుతో విసిరిన మంచు, ఎవరి మీద పడిందో వాళ్ళు క్షమించేదాకా కరగదు. ఆ సంగతి అక్కడ అందరికీ తెలిసిందే.

ఆ మంచు విసిరింది పక్కింటి నార్బర్ట్. అతనికి పెట్రోలుతో నడిచే పెద్ద మంచు మిషను ఉండేది. ఊరి పక్కనున్న పెద్ద సరస్సు మీదనుంచి మంచు కురిసిన ప్రతి పొద్దునా తన వాకిలి శుభ్రం చేసుకుంటూ, మిషను గొట్టాన్ని కంచె ఇవతలికి తిప్పేవాడు. బెర్నీస్ మొగుడు కాజ్, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు, పారతో అప్పుడే ఎత్తిపోసుకున్న దారి మళ్ళీ నిండిపోయేది. అడిగితే, "గాలి అటు వీస్తోంది కాజ్, నేనేం చెయ్యను?" అనేవాడు నార్బర్ట్.

ఆ జనవరిలో ఒకరోజు కాజ్ రెండోసారి ఎత్తిపోస్తూ, పార మీదే వాలి కూలిపోయాడు. నార్బర్ట్ తన వాకిట్లోనే ఉన్నాడు. చూశాడు. మిషను ఆపి, తుడిచి, షెడ్డులో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. చర్చినుంచి వచ్చిన బెర్నీస్‌కి కాజ్ చల్లబడిపోయి దొరికాడు. "అలిసిపోయి కూర్చున్నాడేమో అనుకున్నాను" అన్నాడు నార్బర్ట్, తర్వాత.

"క్షమించెయ్యమ్మా. ఒక్క ఎండకి పోతుంది" అని ఫాదర్ చాలాసార్లు చెప్పి చూశాడు.

"పోనివ్వను ఫాదర్" అని బెర్నీస్ ఆయన కంచంలో ఇంకో రెండు పిరోగీ కుడుములు వడ్డించేది.

ఆ కుప్ప కళ్ళెదురుగా ఉంటే చాలు, నార్బర్ట్ రోజూ తలదించుకుంటాడని ఆమె అనుకుంది. కానీ ఆ శనివారం అతను బక్కెట్టు పట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు.

"సాయంత్రం చుట్టాలొస్తున్నారు బెర్నీస్. బీర్లు చల్లబెట్టుకోవాలి. ఒక బక్కెట్టు మంచు తీసుకోనా? నీ దగ్గర ఊరికే పడి ఉందిగా."

బెర్నీస్ లోపలికి వెళ్ళి, చేతిసంచీ తీసుకుని, తిన్నగా ఎల్మర్ హార్డువేర్ షాపుకి నడిచింది.

"మంచు ఊదే మిషను కావాలి."

"కుప్ప కోసమా?" అన్నాడు ఎల్మర్.

"కుప్ప కోసమే. పార మాత్రం చూపించకు. కాజ్‌ని తీసుకుపోయిన వస్తువుని ముట్టను."

ఎల్మర్ గోడౌన్లోంచి పోయిన చలికాలం మిగిలిన మిషన్లు బయటికి లాగాడు. "పెట్రోలుదైతే బలంగా ఉంటుంది. కానీ తాడు గుంజి స్టార్ట్ చెయ్యాలి. నీ భుజం సంగతి నాకు తెలుసు."

"ఆ వాసన కూడా పడదు నాకు."

"బ్యాటరీది తేలిక. చార్జింగు అయిపోతే ఆగిపోతుంది."

"సగంలో ఆగితే నేనూ ఆగిపోతానేమో. వద్దు."

"అయితే వైరుదే నీకు తగింది. ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఊదుతూనే ఉంటుంది. నీ మంచు గట్టిపడలేదుగా?"

"ఆ రోజు పడ్డప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. పిండిలాగా."

"ఇంకేం. ఇదిగో, ఇది చిన్నది, మెట్లకీ అరుగుకీ సరిపోతుంది. ఇది వెడల్పు. పిడి దగ్గరే మర ఉంది, తిప్పితే గొట్టం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. ఇంతకీ ఎటు చిమ్మాలి?"

"నార్బర్ట్ వైపు."

ఎల్మర్ చిన్నదాన్ని పక్కకి నెట్టేశాడు. వైర్ల అరలోంచి ఆమె తీసిన సన్నటి వైరుని లాక్కుని లోపల పెట్టేసి, లావుపాటి నారింజరంగు వైరు చుట్ట చేతికిచ్చాడు. "సన్నదైతే కాలిపోతుంది. దీన్ని భుజం మీదుగా వెనక్కి వేసుకో, మిషను రెక్కల కింద పడనివ్వకు. ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి అవతలికి పో."

సాయంత్రం నార్బర్ట్ చుట్టాలు పెరట్లో సాసేజీలు కాలుస్తుండగా బెర్నీస్ మిషను ఆన్ చేసింది. పెద్ద చప్పుడేమీ లేదు. మంచు తెల్లటి వంపు తిరిగి కంచె దాటి, అతని కారు మీదా, గులాబీల మీదా, వాకిలి పొడుగునా పడింది.

నార్బర్ట్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం చేస్తున్నావు బెర్నీస్?"

"గాలి అటు వీస్తోంది."

చుట్టాల్లో ఒకావిడ స్వెట్టరు వేసుకుంది. కుప్ప అంతా అయిపోయాక బెర్నీస్ ప్లగ్గు తీసి, అరుగు మీద కూర్చుంది. కాజ్ పోయాక ఆమెకి గుండెలనిండా ఊపిరి అందడం అదే మొదటిసారి.

నార్బర్ట్ పెద్ద మిషను ఆ మంచుని పట్టలేదు. రెక్కలు ఊరికే తిరిగేవి. పారకి మాత్రం లొంగేది, ఎత్తిపోస్తే మర్నాటికి మళ్ళీ అక్కడే ఉండేది. సెప్టెంబరంతా అతను ఎత్తిపోశాడు, ఆమె కాఫీ తాగుతూ చూసింది. ఒకరోజు అతను గుండె పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. బెర్నీస్ కప్పు కింద పెట్టలేదు, లేవలేదు. అతని భార్య డొలోరెస్ వచ్చి అంబులెన్సు పిలిచేదాకా అలాగే కూర్చుంది. రాత్రి పడుకోబోతూ, దానికి బాధ కలుగుతుందేమోనని చూసుకుంది. కలగలేదు.

బతికి బయటపడ్డ నార్బర్ట్ ఇల్లు అమ్మేసి, వేడి ఊరు వెతుక్కుని ఫ్లోరిడా వెళ్ళిపోయాడు. సామాన్ల లారీ కదిలిన మర్నాడు అతని వాకిట్లో మంచు లేదు.

వారం తిరగకుండానే డొలోరెస్ ఫోను చేసింది. "అది ఇక్కడికీ వచ్చింది బెర్నీస్. ఆయన పార ముట్టకూడదన్నారు డాక్టర్లు. నేనే ఎత్తుతున్నాను. నువ్వు ఏ మిషను కొన్నావు?"

"నీతో నాకేం పగ లేదు డొలోరెస్."

"ఉండాల్సిందే" అంది డొలోరెస్. "కాజ్ పడిపోయిన రోజు నేను కిటికీలోంచి చూశాను. ఫోను తీశాను. ఆయన నా చేతిలోంచి లాక్కుని పెట్టేశాడు. ముసలాడు వేషాలేస్తున్నాడన్నాడు. నేను ఊరుకున్నాను. అప్పటినుంచీ ఆయనకి వండిపెడుతూనే ఉన్నాను."

బెర్నీస్ గోడకి ఆనుకుంది.

"వింటున్నావా? ఇక్కడి షాపుల్లో అలాంటివి దొరకవు" అంది డొలోరెస్. "దొరికినా, దాన్ని ఎటు ఊదాలో నాకు తెలీదు."

"నార్బర్ట్ పగలంతా ఎక్కడ కూర్చుంటాడు?"

"ఇంటి ముందు. ఎండలో, మడత కుర్చీలో."

"గొట్టం అటు తిప్పు."

"అలాగే, నీ మిషను పంపించు" అంది డొలోరెస్. ఏదో కూర వండమంటే సరేనన్నట్టుగా, మామూలు గొంతుతో.

బెర్నీస్ మిషను తడి తుడిచి, వైరు చుట్టి, పెట్టెలో సర్ది, పార్సిలు ఆఫీసుకి పట్టుకెళ్ళింది. కౌంటరులో అమ్మాయి ఫ్లోరిడా అడ్రసు చదివింది, పెట్టె మీద మంచు మిషను బొమ్మ చూసింది.

"పగిలే వస్తువేమైనా ఉందా అమ్మా?"

"లేదు. గట్టిదే" అంది బెర్నీస్.