కదలని ముల్లు

పూత గట్టిదే. ఆ విషయంలో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. ఉక్కు సూదితో పొడిచినా లొంగేది కాదు. కానీ ఎంత గట్టి పూతైనా కింది ఇనుమును పట్టుకోకపోతే ఎందుకూ పనికిరాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టేది. వినేవాళ్లెవరు?

నా పేరు కోమలవల్లి. అహోబిలంలో అర్చకుల ఇంట పుట్టి, నంద్యాలలో ఇనుముకు ప్లాస్మా మంటతో పూతలు పూసే షెడ్డు పెట్టుకున్నదాన్ని. 1987 ఎండాకాలంలో, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఓబులేసు రాళ్లెత్తే ఇనుప దూలాన్ని నా దగ్గరికి తెచ్చాడు. పాతది. మార్చమంటే వినడు, మొండిఘటం. సరేనని, విరిగేలోపే తెలిసేలా దాని నడుముకు పింగాణీ పూత పూశాను. ప్లాస్మా మంటలో పింగాణీ పొడి కరిగి, చినుకుల్లా ఇనుముకు కొట్టుకుని గడ్డకడుతుంది. అది మామూలు పింగాణీ కాదు, వంచితే కరెంటు పుడుతుంది. దూలం వంగితే పూతా వంగుతుంది, తీగ చివర మీటరు ముల్లు ఎగురుతుంది. ముల్లు ఎర్రగీత దాటితే పని ఆపేయాలి.

దూలాన్ని ఆళ్లగడ్డలో బిగించాక మొదటిసారి ఎత్తింది పెద్ద నల్లరాయి. ఓబులేసు దగ్గర పనిచేసే కరుణాకర్ గొలుసు లాగుతున్నాడు. ఓబులేసు రాయి కిందే వంగి, దాన్ని ఆనించే దుంగలు సర్దుతున్నాడు. నేను మీటరు ముందు కూర్చున్నాను. గొలుసు లాగిన ప్రతిసారీ ముల్లు ఎగిరి పడుతోంది. ఎర్రగీత దాకా పోయింది. ఉన్నట్టుండి సున్నా మీద పడింది. కరుణాకర్ మళ్లీ లాగాడు. రాయి లేచింది. ముల్లు కదల్లేదు.

ఓబులేసు వంగినచోటి నుంచే మీటరు వైపు తొంగిచూశాడు. "ముల్లు పడుకునింది సూడమ్మా! బరువేం లేదు. లాగురా కరుణాకరూ!"

రాయి లేస్తుంటే ముల్లు ఎలా ఊరుకుంటుంది? దూలం వంగుతూనే ఉంది. పూతే దాన్ని వదిలేసింది. ఇక దూలం గతేమిటో చెప్పేదేదీ లేదు.

"ఆపు! ఓబులేసన్నా, బేగా ఈడికి రా!"

"ఇంగొక్క దుంగమ్మా."

"దుంగ లేదు గింగ లేదు, రా అంటాండా!"

తల పైకెత్తి నవ్వాడు. ఒళ్లు మండిపోయింది. పరుగెత్తి చొక్కా కాలరు పట్టుకుని ఈడ్చాను.

"ఏందీ, మతి గాని పోయిందా?" అంటూ వెనక్కి పడ్డాడు. నేనూ పడ్డాను. పైన దూలం ఫట్‌మంది. రాయి దుంగల మీద పడి వాటిని నుగ్గు చేసింది.

దుమ్ము తగ్గాక విరిగిన దూలాన్ని చూశాను. పూత పెచ్చులేచి ఉంది. వేలితో ఎత్తితే అప్పడంలా ఊడొచ్చింది. దాని కింద, ఇనుము మీద, బొటనవేలంత ఎర్రటి మరక, అంచుల్లో మాడిన జిడ్డు. నూనె తగిలిన చోట పూత పట్టదు. అందుకే పూతకు ముందు ఇనుమును గరుకు చేశాక ఎవరినీ తాకనివ్వను.

"ఇదేంది?"

ఓబులేసు నసిగాడు. "ఆంజనేయస్వామి సిందూరం. నంద్యాలలో నువ్వు అన్నానికి పోయినప్పుడు పెట్టినా. బొట్టు లేకుండా పని మొదలుపెడతారా ఎవురన్నా? అర్చకుల బిడ్డవు, నీకు నేను సెప్పల్నా? తిడతావని తుడిచేసినా గదా."

నూనెలో కలిపిన సిందూరం, తుడిస్తే పోతుందా? గరుకు గుంటల్లోకి ఇంకి కూర్చుంది. అతను నుగ్గైన దుంగలను, అంతకుముందు తాను వంగి ఉన్న చోటును చూశాడు. మొహంలో నెత్తురు లేదు. వచ్చి ఆ మరక మీద బొటనవేలు రుద్ది, నుదుటికి రాసుకుని, చేతులు జోడించాడు.

"సూసినావా కోమలమ్మా, స్వామే కాపాడినాడు."

చెంప పగలగొట్టాలనిపించింది. చెయ్యెత్తి, మళ్లీ దించేశాను. అక్కడే మట్టిలో కూలబడి భోరున ఏడ్చాను.