గులాబీ రంగు గాజు పళ్ళేలు

అక్క పోయి పద్నాలుగు నెలలైంది. ఆదివారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు.

"మధ్యాహ్నం ఒకావిడ భోజనానికి వస్తోంది. బల్ల కాస్త నువ్వు సర్దిపెడతావా? నాకు చేతకాదు." తర్వాత నసిగాడు. "మీ అక్క గాజు సామాను తీద్దామనుకుంటున్నా."

ఆ ఒకావిడ ఎవరో నాకు తెలుసు. బావ పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణం పక్కనే, మందుల షాపులో ఉంటుంది. వెళ్ళకూడదనే అనుకున్నాను. అయినా వెళ్ళాను. ఆయన చేతిలో పడితే ఆ సామానులో ఒక్కటీ మిగలదు.

అక్క పోస్టాఫీసులో గుమస్తా. తొమ్మిదేళ్ళపాటు పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించి, ఇక్కడొకటి అక్కడొకటిగా ఆ పళ్ళేలు కూడబెట్టింది. ఒకసారి మూతగిన్నె కోసం రెండు బస్సులు మారి వెళ్తే, మూత ఒక్కటే ఉందట. అదే పట్టుకొచ్చింది. "గిన్నె ఎక్కడో నాకోసం ఎదురుచూస్తూ ఉంటుందిలేవే," అంది.

అక్క నేర్పినట్టే సింకులో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్ళతో ఒక్కొక్కటే కడిగాను. అంచున ఉన్న తీగ బొమ్మ కాడ తినేవాళ్ళ వైపు వచ్చేలా తిప్పి పెట్టాను. ఉన్నవి మూడే కుర్చీలు. మూడో పళ్ళెం అక్క కుర్చీ ముందు పెట్టాల్సి వచ్చేసరికి, దాన్ని మళ్ళీ ఒకసారి తుడిచి పెట్టాను.

ఆవిడ వచ్చి అక్కడే కూర్చుంది.

"ఎంత బాగున్నాయండీ! ఎక్కడివి?"

బావ తల ఎత్తలేదు. "పాతవే. ఎప్పుడో కొన్నాం."

"కొన్నాం కాదు బావా, అక్క కొంది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆవిడ ముఖం మాడ్చుకుంటుందనుకున్నాను. చెంచా నెమ్మదిగా కింద పెట్టి నా వైపు తిరిగింది. "ఎలా సంపాదించారో చెప్పరూ?"

చెప్పాను. మూత సంగతికి పకపకా నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బావ లేచి వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పాడు. ఆ చప్పుడు చాలాసేపు ఆగలేదు. ఆయన అక్కడ ఏమీ కడగడం లేదని మా ఇద్దరికీ తెలుసు.

ఆవిడని తిట్టుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా పోయింది.

మర్నాడు సాయంత్రం బావ రెండు అట్టపెట్టెలతో నా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇవి నీ దగ్గరే ఉండాలని ఆవిడే అంది. తను వాడితే బాగుండదంది. పగలకుండా అన్నీ నేనే చుట్టాను."

ఒక్కో పళ్ళేనికీ నాలుగేసి పొరల వార్తాపత్రిక చుట్టి ఉంది. ఆయన వెళ్ళాక పెట్టెలను కుట్టుమిషన్ కిందకి తోశాను.

సంతోషించాల్సిన మాటే. కానీ ఆ ఇంట్లో అక్కవంటూ మిగిలినవి ఇవే. ఇప్పుడివీ వచ్చేశాయి. ఇక ఏ వంకన ఆ గడప తొక్కను?

తలుపు గడియపెట్టి, పెట్టెల పక్కన నేలమీదే కూలబడ్డాను. అక్క పోయిన రోజు కూడా నేను అంతగా ఏడవలేదు.